సెల్లులో కోయిల... వీధిలో మూగనోము!

పాటంటే చెవి కోసుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క తేల్చమంటే ఎవరి తరమూ కాదు. వాళ్లంతా ఒకచోట కనబడితే గదా లెక్కపెట్టేది! ఒకరు పొయ్యి ముందు, ఒకరు కుట్టుమిషను దగ్గర, ఒకరు మగ్గం మీద... ఎవరి కూనిరాగం వారిదే. మగవాళ్లకైతే హీరోల పేరు మీద అభిమాన సంఘాలున్నాయి. వాటికి అధ్యక్షులు, కార్యదర్శులు, బ్యానర్లు, పాలాభిషేకాలు! అందులో మనకు చోటు లేదు. నిజం చెప్పాలంటే మనకంత తీరికా లేదు. మరి సుశీలమ్మ గొంతంటే ప్రాణమిచ్చే ఇల్లాలికి, జానకమ్మ పాట వస్తే పొయ్యి మీద అన్నం మాడినా కదలని ఇల్లాలికి సంఘం ఏది?

ఇన్నాళ్లకు దొరికింది. సెల్లులో దొరికింది.

మాది కొత్తకోట. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్దరోడ్డు మీద ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టేదాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తర్వాత వనపర్తి జిల్లా. నేను రెండు పాటల గుంపుల్లో ఉన్నాను. ఒకటి వాట్సాప్‌లో పాత పాటల గ్రూపు. రెండోది మా వీధిలో ఆడవాళ్ల శనివారం భజన. బతుకమ్మ పండుగ వస్తే ఆ భజన గుంపే బతుకమ్మ గుంపవుతుంది. రెండింట్లోనూ ఉండేది పాటలంటే ఇష్టపడేవాళ్లే కదా, పెద్ద తేడా ఏముంటుంది అనుకుంటారు. చాలా ఉంది. ఆ తేడా ఏమిటో మా వీధిలోని ఒక అమ్మాయి సంగతి జరిగినప్పుడు నాకు బాగా కనబడింది. ఆ సంగతికి వస్తాను. దానికంటే ముందు రేడియో గురించి రెండు మాటలు చెప్పాలి.

నాలుగో పేరు నాది!

కనబడని మనుషులతో పాట కోసం స్నేహం చేయడం సెల్లుతోనే మొదలైందని ఈ కాలపు పిల్లలు అనుకుంటారు గానీ, అది రేడియో నాటి ముచ్చట. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. అంతకుముందే సిలోను రేడియో ఉంది. 1952 నుంచి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా కోసం దేశమంతా వారమంతా ఎదురుచూసేది. తెలుగువాళ్లకు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇంట్లో మనిషి గొంతు లాంటిది. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలయ్యా అని అభ్రకం గనుల ఊరొకటుంది. ఆ ఊరివాళ్లు కోరిన పాటల కోసం ఎన్ని కార్డులు రాసేవారంటే, అసలు అలాంటి ఊరు నిజంగా ఉందా అని జనానికి అనుమానం వచ్చింది!

మా ఇంట్లో మగ్గం ఉండేది. గుంట పక్కన గూట్లో రేడియో. నాన్న నాడె విసురుతూ వినేవాడు, అమ్మ కండెలు చుడుతూ వినేది. జనరంజనిలో పాటకు ముందు అడిగినవాళ్ల పేర్లు చదివేవారు గుర్తుందా? ఫలానా ఊరి నుంచి ఫలానా, ఫలానా, ఫలానా మరియు మిత్రబృందం! మా అన్న 15 పైసల కార్డు మీద రాసి పంపేవాడు. ముందు తన పేరు, తర్వాత తన స్నేహితులవి ఇద్దరివి, అన్నింటి వెనక నాది. నాలుగో పేరు. అది రేడియోలో వినబడిన రోజు నేను బడికి రెక్కలు కట్టుకొని పోయాను. ఎక్కడి కడప, ఎక్కడి కాకినాడ... అదే పాట కోరిన మనుషులు అక్కడ కూడా ఉన్నారన్న మాట వింటుంటే ఎంత బాగుండేదో! వాళ్లు ఎలా ఉంటారో తెలియదు. తెలియాలని కూడా అనిపించేది కాదు.

వాట్సాప్ గ్రూపు దానికి చెల్లెలే. పేర్లు చదివే మనిషి లేడు, అంతే.

టీచరమ్మ, డ్రైవరు, బ్యాంకాయన

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. నెట్టు చవకైంది. అయినా అందరి చేతికీ అందిందని అనుకోకండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 26.5 శాతం. అంటే నలుగురిలో ఒకరి కంటే కాస్త ఎక్కువ. మగవాళ్లలో అది సగానికి పైగానే. సెల్లు ఇంట్లో ఉన్నా అది ఎవరి జేబులో ఉంటుందన్నది వేరే లెక్క కదా!

మా గ్రూపులో ఆరొందల మంది దాకా ఉన్నాం. వాట్సాప్ 1,024 మంది దాకా ఉండనిస్తుంది. మాట్లాడేది మాత్రం ఇరవై మంది. డాలస్‌లో ఇంజనీరు, దుబాయిలో డ్రైవరు, గద్వాలలో టీచరమ్మ, తెనాలిలో రిటైరైన బ్యాంకాయన. వీళ్లు నాకు నేర్పిన సంగతులు ఏ పుస్తకంలో వెతుక్కోవాలో కూడా నాకు తెలియదు. ఒక పాట పల్లవి పెట్టి "ఇది ఏ సినిమా?" అంటే పావుగంటలో సినిమా పేరు, సంవత్సరం, రాసినవారు, స్వరపరిచినవారు, రాగం... అన్నీ వచ్చి పడతాయి. 'శంకరాభరణం' పాటలకు బాలుగారితోపాటు వాణీ జయరాం గారికీ జాతీయ అవార్డు వచ్చిందని నాకు ఆ గ్రూపే చెప్పింది. ఆ సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. విశ్వనాథ్ గారు పోయింది 2023లో అదే ఫిబ్రవరి 2న. మరి రెండు రోజులకే వాణీ జయరాం గారూ పోయారు. ఆ మూడు రోజులూ మా గ్రూపులో ఎవరూ గుడ్‌మార్నింగ్ బొమ్మలు పెట్టలేదు.

తగువులూ తక్కువేం కాదు. సుశీలమ్మా, జానకమ్మా అన్న మాట వస్తే చాలు, మామూలుగా నోరెత్తని వాళ్లు కూడా కత్తులు దూస్తారు. ఒకరు సుశీలమ్మ 17,695 పాటలని 2016లో గిన్నిస్ రికార్డులకెక్కిన సంగతి తెస్తారు. ఇంకొకరు 2013లో జానకమ్మ పద్మభూషణ్ వద్దన్న సంగతి తెస్తారు. ఒకసారి తెనాలి బ్యాంకాయనకు కోపమొచ్చి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మూడో రోజు అడ్మిన్ బతిమాలితే తిరిగొచ్చాడు. కనబడని తగువు కాబట్టి మాట జారడం తేలిక, తిరిగి రావడమూ తేలిక. భజనలో అలా కాదు. పోయినేడు తాళం తప్పిందని ఒకావిడను ఇంకొకావిడ చూసిన చూపుకు ఈనాటికీ ఆ రెండిళ్ల మధ్య చల్ల ఇచ్చిపుచ్చుకోవడం లేదు!

దుప్పట్లో పాట

ఇక ఆ అమ్మాయి సంగతి. పేరు చెప్పను. మా వీధిలో ఒకింటి కోడలు, ఇద్దరు పిల్లల తల్లి. ఎప్పుడూ తలొంచుకొని పోతుంది. పలకరిస్తే నవ్వుతుంది. ఆ పిల్ల నోరు విప్పి పాడగా వీధిలో విన్నవాళ్లు లేరు. కానీ సెల్లులో పాటల యాప్ ఒకదాంట్లో ఆమెకు నాలుగు వేల మందికి పైగా అభిమానులున్నారు! ప్రొఫైలులో తన ఫొటో లేదు. ఎర్ర మందారం పెట్టింది. పేరూ ఏదో పువ్వు పేరే. రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగేసుకొని, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాడేది. ఎక్కువగా జానకమ్మ పాటలు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. పగలు పాడితే "పని లేదా?" అంటారు. సాయంత్రం పాడితే "ఏందా సంబరం?" అంటారు. పుట్టింట్లో పాడిన పిల్ల, అత్తింటికొచ్చాక పదకొండేళ్లు గొంతు మూసుకుంది. సెల్లే లేకపోతే ఆ గొంతు అలాగే పోయేది. సెల్లు వల్ల ఆడవాళ్లు చెడిపోతున్నారని ఉపన్యాసాలిచ్చేవాళ్లు నాకెప్పుడు తగిలినా ఈ ఒక్క మాట చెప్తాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, యుగళగీతం దగ్గర. ఇలాంటి యాప్‌లలో ఆడగొంతు భాగం మీరు పాడి పెడితే, మగగొంతు భాగం ఇంకెవరో ఎక్కడి నుంచో పాడి కలుపుతారు. పాట ఎలాంటిదో మీరే ఊహించుకోండి. మన సినిమా యుగళగీతాల్లో "నువ్వే నా ప్రాణం" అనకుండా నడిచేవి ఎన్ని? ఆ పాట భర్త కంట పడింది. ఎవడు వీడు, నీకెలా తెలుసు అన్నాడు. తెలియదు అంటే నమ్మడాయె! నిజానికి ఆమెకు తెలియదు. పేరు కూడా అసలుదో కాదో తెలియదు. "నంబరివ్వండి" అని వెంటపడేవాళ్లు ఉంటారు, వాళ్లను ఆమె ఏనాడో బ్లాకు చేసింది. ఇతను అలాంటివాడూ కాదు, పాట కలిపి పోయాడు. అయినా సెల్లు లాగేసుకున్నారు.

నెలన్నర గడిచింది. ఆ నాలుగు వేల మందిలో ఏమైందీ పిల్ల అని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు చిరునామా తెలియదు, ముఖం తెలియదు, ఊరు తెలియదు. ఆ తర్వాత చూసుకుంటే "కొత్త పాట ఎప్పుడు మేడమ్?" అని ఏడెనిమిది మెసేజీలు ఉన్నాయట. అంతే. వాళ్లను తప్పు పట్టను. మందారపువ్వు ఇంటికెళ్లి తలుపు ఎవరు తట్టగలరు?

తట్టింది మా భజన పెద్దమ్మ. డెబ్బై దాటిన మనిషి. గొడవ సంగతి వీధంతా గుప్పుమంది కదా (దాన్ని గుప్పుమనిపించింది కూడా మా భజన ఆడవాళ్లే, అది దాచను), ఆ పిల్ల పాడుతుందన్న మాట అలాగే పెద్దమ్మ చెవిన పడింది. ఎవరు ఎవరితో పాడారన్నది ఆమెకు అక్కరలేదు. నేరుగా వాళ్లింటికి పోయి అత్తగారి ముందే అడిగింది: "ఏమమ్మా, ఇంత గొంతు పెట్టుకొని మాకు చెప్పకపోతివి? శనివారం రా. తాళాలు కొట్టెటోళ్లకు మోకాళ్ల నొప్పులు, నేనొక్కదాన్నే ఎంతని అందుకోవాలె?" భజనకు పంపనని ఏ అత్తగారు అనగలదు!

వచ్చింది. అప్పుడొక వింత బయటపడింది. గొంతు పెగలలేదు! యాప్‌లో విన్న పాట ఎంత తియ్యగా ఉందో, ఎదురుగా కూర్చొని పాడితే పక్కనున్న నాకే వినబడలేదు. ఇన్నేళ్లూ పక్కగదిలో ఎవరూ లేవకుండా పాడింది కదా. సెల్లు మైకు పెదవుల దగ్గర పెట్టుకుంటే ఊపిరంత గొంతు చాలు. యాప్ దానికి ఇంత ప్రతిధ్వని కలిపి, నున్నగా చేసి వినిపిస్తుంది. మా భజనలో మైకు లేదు, ప్రతిధ్వని లేదు. డోలక్ ఉంది, చిడతలున్నాయి, పద్నాలుగు గొంతులున్నాయి. మన్యంకొండ హనుమద్దాసు కీర్తన గానీ, వేపూరు హనుమద్దాసు కీర్తన గానీ, రాకమచర్ల వేంకటదాసు కీర్తన గానీ పాలమూరు భజనల్లో గొంతు దాచుకొని పాడే పని కాదు. పెద్దమ్మ ఎత్తుకునే శ్రుతి మా ఇంటి మిద్దె మీదికి వినబడుతుంది. "కడుపులనుంచి తియ్యి" అని ఆ పిల్లకు మూడు నెలలు చెప్పింది.

పావు సెకను తేడా

కలిసి పాడటం అన్నది సెల్లులో నిజానికి లేనే లేదు. ఈ సంగతి మనకు 2020లో కరోనా వచ్చినప్పుడు తెలిసింది. గుడి మూశారు, భజన ఆగింది. మా పిల్లలు జూమ్ పెట్టించారు. అందరం ఒకేసారి ఎత్తుకున్నాం. అబ్బో, ఆ గోల చెప్పతరం కాదు! నేను పల్లవిలో ఉంటే పక్కావిడ ఇంకా దానికి వెనకే. తాళం కొట్టిన చోట కాక ఇంకో చోట వినబడేది. చివరికి ఒకరు పాడటం, మిగిలినవాళ్లు నోళ్లు మ్యూట్ చేసుకొని పెదవులు కదపడం! దాన్ని భజన అంటారా?

దీనికి కారణం ఉంది. మన గొంతు సెల్లులోంచి టవరుకు, అక్కడి నుంచి ఎక్కడి కంప్యూటర్లకో పోయి తిరిగి ఇంకొకరి చెవికి చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. సంగీతంలో సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యం దాటితే తాళం కలవడం కష్టమట. జూమ్‌లో అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. అందుకే స్మ్యూల్, స్టార్‌మేకర్ లాంటి యాప్‌లలో యుగళగీతం ఇద్దరూ ఒకేసారి పాడినట్టు వినబడినా, చాలా వరకు ఒకరు ఇవాళ పాడి పెట్టింది, ఇంకొకరు ఏ నెలకో వచ్చి కలిపేదే. మా వీధి అమ్మాయి ఆ మనిషితో పాడింది అన్నారు గదా. ఆమె పాడినప్పుడు అతను లేడు. అతను పాడినప్పుడు ఈమె పిల్లల లంచ్ బాక్సులు కడుగుతూ ఉండి ఉంటుంది. ఈ ముక్క ఆమె భర్తకు నేనే వివరించి చెప్పాను. ఎంత తలకెక్కిందో గానీ, సెల్లు మాత్రం తిరిగిచ్చాడు.

తమాషా ఏమిటంటే, బతుకమ్మ ఆటలోనూ ఈ ఆలస్యం ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వలయం పది మీటర్ల వెడల్పుంటే అవతలి కొసన ఉన్నవాళ్లకు పెద్దమ్మ గొంతు సెకనులో 34వ వంతు ఆలస్యంగా వినబడుతుంది. ఇంకా పెద్దదైతే పాట సాగుతుంది, లాగుతుంది. మరి మన ఆడవాళ్లు ఇన్ని తరాలుగా ఎలా కలిపారు? చెవితో కాదు, కంటితో! వంగి చప్పట్లు చరిచే చేతులు ఎదురుగా కనబడుతుంటాయి. గొంతు ఆలస్యమైనా చెయ్యి ఆలస్యం కాదు. సద్దుల నాడు జనం ఎక్కువైతే ఒకటే పెద్ద వలయం కట్టక నాలుగు చిన్న వలయాలు కట్టేది కూడా ఇందుకేనేమో అనిపిస్తుంది నాకు.

ఆ సెప్టెంబరు మధ్యాహ్నం

ఇంతా చెప్పి సెల్లు గ్రూపు ఉత్తదే అంటున్నానని అనుకోకండి. 2020 సెప్టెంబరు 25 మధ్యాహ్నం బాలుగారు పోయారన్న వార్త వచ్చింది. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో మొదలైన గొంతు. 1996 నుంచి 'పాడుతా తీయగా'తో ప్రతి ఇంటి ముందుగదిలోకి వచ్చి కూర్చున్న మనిషి. మామూలు రోజులైతే ఊరూరా సంతాప సభ పెట్టేవారు, ఫొటోకు దండేసేవారు. కరోనా రోజులాయె, గడప దాటేదెలా? ఇంట్లో చూస్తే వండాలి, పెట్టాలి. ఒక పాటగాడి కోసం ఇల్లాలు ఏడిస్తే ఇంట్లోవాళ్లకు వింతగా ఉంటుంది.

ఆ రాత్రి మా గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. గద్వాల టీచరమ్మ ముందు ఒక పాట పాడి పెట్టింది, మధ్యలో గొంతు పూడుకుపోయి ఆగిపోయింది. దాన్ని దుబాయి డ్రైవరు అక్కడి నుంచే అందుకొని పూర్తి చేసి పెట్టాడు. లారీ ఇంజను చప్పుడు వెనక వినబడుతోంది. అలా తెల్లారేదాకా ఒకరి తర్వాత ఒకరు. ఏనాడూ నోరు తెరవనివాళ్లలో ఎంతమంది ఆ రాత్రి పాడారో! నేనూ పాడాను. మా వీధిలో ఆ రోజు నా బాధ పంచుకున్నవాళ్లు లేరు. శనివారం భజనలో అందరికీ రాముడు కావాలి, బాలు అందరికీ అక్కర్లేదు. ఇష్టాన్ని బట్టి మనిషిని వెతుక్కునే సౌకర్యం వీధిలో ఎక్కడుంది? వీధిలో ఎవరు దొరికితే వాళ్లతోనే పాడాలి.

ఆ అమ్మాయి కూడా ఒకరోజు నాతో అదే అన్నది: "భజన మంచిగనే ఉంటదక్కా. గానీ జానకమ్మ పాట పాడనియ్యరు గదా!"

హాలులో మైకు

జానకమ్మ పాట పాడనిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. హైదరాబాదు చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, అక్కడ పాత సినిమా పాటల సాయంత్రాలకు లోటు లేదు. ఈమధ్య జిల్లా పట్టణాల్లో కూడా కరోకే క్లబ్బులు వచ్చాయి. వాద్యాల ట్రాకు వేస్తారు, మైకు ఇస్తారు, సభ్యులు చందా వేసుకొని హాలు అద్దె కడతారు. అలాంటి ఒకదానికి ఆ అమ్మాయిని నేను, ఆమె భర్తను కూడా వెంటబెట్టుకొని, తీసుకుపోయాను.

ముప్పై మంది ఉన్నారు. ఆడవాళ్లు ఐదుగురు. మిగతా అంతా రిటైరైన మగవాళ్లే, ఒక్కొక్కరూ ఒక్కో ఘంటసాల! ఆడవాళ్లు తక్కువెందుకని అడిగితే "రమ్మంటే రారండీ" అన్నారు. ఎలా వస్తారు? కార్యక్రమం సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదిన్నరకు అయ్యింది. మాది పెద్దరోడ్డు మీద ఊరు కాబట్టి బస్సులు లేవని కాదు, ఆ వేళకు ఇంట్లో అన్నం పెట్టే మనిషి ఉండాలి గదా. అదే ఆదివారం పదకొండింటికి పెట్టి చూడండి అని చెప్పి వచ్చాను. ఇంకా పెట్టలేదు.

అక్కడ ఆమె యుగళగీతమే పాడింది, అరవై ఐదేళ్ల రిటైర్డు హెడ్‌మాస్టరు గారితో, అందరి ఎదుట, భర్త ముందు వరుసలో కూర్చుని చూస్తుండగా. సెల్లులో కంటపడి నిప్పులు పోసిన పాటే అది! ఇక్కడ మాత్రం భర్త చప్పట్లు కొట్టాడు, వీడియో కూడా తీశాడు. మొదటి చరణంలో ఆమె శ్రుతి జారింది. యాప్‌లో అయితే చెరిపేసి మళ్లీ పాడేది. ఇక్కడ చెరపడానికి వీల్లేదు. హెడ్‌మాస్టరుగారు తన వంతు రాకపోయినా మెల్లిగా కింద అందుకొని ఆమె గొంతును మళ్లీ చోటికి తెచ్చారు. ఆ సాయం చేసే బటను ఏ సెల్లులో ఉందో నేను చూడలేదు.

సెల్లు లేకపోతే ఎవరికీ తెలియకపోయే గొంతులూ ఉన్నాయి. తూర్పుగోదావరి వడిసలేరులో బేబి అనే ఆమె 'ప్రేమికుడు' సినిమాలోని పాట పాడుతుంటే ఎవరో సెల్లులో పట్టారు. 2018లో అది రాష్ట్రాలు దాటి పాకింది. సంగీత దర్శకులు కోటిగారు పిలిచి పాడించారు. ఆమె అంతకు ముందు పాడలేదా? పాడే ఉంటుంది, పక్కన ఉన్నవాళ్లు వినే ఉంటారు. పక్కింటి గొంతుకు విలువ రావాలంటే అది ముందు ఊరు దాటి, తిరిగి సెల్లులో మన దగ్గరికే రావాలి కాబోలు!

డీజే ముందు పెద్దమ్మ

ఇప్పుడు మా వీధిలో నడుస్తున్న పేచీ చెప్తాను. బతుకమ్మకు డీజే డబ్బాలు వచ్చాయి. యూట్యూబ్‌లో ఏడాదికో కొత్త బతుకమ్మ పాట వస్తుంది. 2021లో రెహమాన్ గారే ఒకటి చేశారు. మంగ్లీ పాటలు సరేసరి. మంచి పాటలే, కాదనను. కానీ డబ్బాలు పెట్టాక పాడేది ఎవరు? అందరం ఆడతాం, ఒక్కరం పాడం. ఇరవై నాలుగు గంటలూ సెల్లులో వినేదే, ఇంత పెద్ద చప్పుడు చేసి మళ్లీ వింటాం. ఒకరు చెబితే మిగిలినవాళ్లు "ఉయ్యాలో" అని అందుకునే పాటల కోసం పుట్టిన ఆటలో నోళ్లన్నీ మూతపడ్డాయి. పోయినేడు సద్దుల నాడు పెద్దమ్మ అరుగు మీద కూర్చుంది. ఆమెకు వచ్చిన పాటలు ఎన్నో ఆమెకే తెలియదు. డబ్బా చప్పుడుకు చెవులు మూసుకుంది.

డీజే వద్దంటే వయసు పిల్లలు ఒప్పుకోరు. వాళ్లకూ ఒక్క తొమ్మిది రోజులే గదా రాత్రి వీధిలో గంతులేసే వీలు! ఆ సంతోషాన్ని లాగేయడం నాకూ ఇష్టం లేదు. పెద్దవాళ్లేమో డీజే ఉంటే తంగేడు, గునుగు కూడా తేమంటారు. నాలుగుసార్లు కూర్చున్నాం, రెండుసార్లు అలిగి లేచాం.

చివరికి ఈసారికి ఒక ఒప్పందం కుదిరింది. ఎంగిలిపూల నుంచి ఎనిమిది రోజులు చప్పట్లు, గొంతులే. సద్దుల నాడు డీజే, అదీ చీకటి పడి పెద్దమ్మ నాలుగు పాటలు చెప్పాకే. మరి ఎనిమిది రోజులకు సరిపడా పాటలు ఎవరికి వచ్చు? ఆ పని మందారపువ్వు పిల్లకు అప్పజెప్పాం. మధ్యాహ్నం పూట పెద్దమ్మ దగ్గర కూర్చుంటుంది. ఆమె చెబుతుంటే సెల్లులో రికార్డు చేసుకుంటుంది, తర్వాత నోటుబుక్కులో ఎక్కిస్తుంది. డాలస్ ఇంజనీరు గారి భార్య ఆ రికార్డులు కావాలని అడిగింది, వాళ్లూ అక్కడ బతుకమ్మ ఆడుతారట. పెద్దమ్మ ఇవ్వమన్నది. ఇప్పటికి ముప్పయ్యొక్క పాటలయ్యాయి. ఇంకా చెబుతూనే ఉంది.